ఇంట్లో కట్టుకునే ఆంప్లిఫయర్‌లో గ్రౌండింగ్: ఎర్త్ బోల్టు నుంచి చివరి టంకం దాకా

నేను మొదట కట్టిన ఆంప్లిఫయర్ నాలుగు నెలలు గుర్రుమంటూనే ఉంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేశాను, సరఫరా వోల్టేజిని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు రెట్టింపు చేశాను, ఇన్‌పుట్ తీగలన్నీ తీసేసి షీల్డు ఉన్నవి వేశాను. దేనికీ లొంగలేదు. చివరికి ఇన్‌పుట్ గ్రౌండు తీగను ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (అవుట్‌పుట్ చుట్ట నడిమి నుంచి వచ్చే తీగ) దగ్గర ఊడదీసి, మూడు సెంటీమీటర్లు అవతల, కెపాసిటర్లు దాటాక టంకం వేశాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను మార్చిన భాగాల్లో ఏ దోషమూ లేదు. దోషమంతా ఆ మూడు సెంటీమీటర్ల రాగి తీగలో ఉంది.

సొంతంగా ఆడియో పరికరాలు కట్టేవాళ్లు సర్క్యూట్ ఎంచుకోవడానికి వారాలు వెచ్చిస్తారు. గ్రౌండు తీగల దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ అతికిస్తారు. ఆ వరుసను తిరగేయమని అడగడానికే ఇది రాస్తున్నాను. రెండు చానళ్ల ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్లిఫయర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. ప్రీఆంప్లిఫయర్లకు, వాల్వు (గాజు గొట్టాల) పరికరాలకు పద్ధతి మారేచోట ఆ సంగతి చెబుతాను. ఒక్క మాట ముందే: మెయిన్స్ విద్యుత్తుతో పని చేసిన అనుభవం లేకపోతే ఆ భాగాన్ని తెలిసినవారు పక్కన ఉన్నప్పుడే చేయండి. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. మీటరుతో కొలిచి, వోల్టేజి పడిపోయిందని చూసుకున్నాకే లోపల చేయి పెట్టండి.

ఒకే పేరు, మూడు పనులు

తికమక అంతా పేరుతోనే మొదలవుతుంది. మూడు వేర్వేరు వస్తువులను మనం గ్రౌండు అనే పిలుస్తున్నాం.

మొదటిది రక్షణ ఎర్తు. మెయిన్స్ ప్లగ్గు మూడో పిన్ను నుంచి వచ్చి లోహపు పెట్టెకు బిగుసుకునే తీగ ఇది. పరికరం సవ్యంగా ఉన్నంతకాలం ఇందులో చెప్పుకోదగ్గ కరెంటు పోదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చెడిపోయో, ఫేజు తీగ ఊడి పెట్టెకు తగిలో ప్రమాదం జరిగిన ఆ క్షణంలో భారీ కరెంటును మోసి ఫ్యూజును కాల్చేయడం దీని పని.

రెండోది ఛాసీ, అంటే లోహపు పెట్టె. బయటి రేడియో తరంగాలను, విద్యుత్ క్షేత్రాలను లోపలికి రానివ్వని కవచం ఇది.

మూడోది సిగ్నల్ గ్రౌండు, 0 వోల్టు. సర్క్యూట్‌లోని వోల్టేజీలన్నింటినీ దేనితో పోల్చి కొలుస్తామో ఆ బిందువు. సరఫరా కరెంటు, స్పీకర్ కరెంటు, ఇన్‌పుట్ సిగ్నల్ అన్నీ తిరుగు ప్రయాణంలో చేరేది ఇక్కడికే.

ఈ మూడూ ఎక్కడో ఒకచోట కలవాలి. ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు అన్నదే గ్రౌండింగ్.

రాగి తీగకూ నిరోధం ఉంది

సర్క్యూట్ బొమ్మలో గ్రౌండు గుర్తులన్నీ ఒకే బిందువు. పెట్టె లోపల అలా ఉండదు. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగకు మీటరుకు సుమారు 17 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. 30 సెంటీమీటర్ల ముక్కకు 5 మిల్లీఓమ్‌లు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది కదా, లెక్క వేసి చూద్దాం.

8 ఓమ్‌ల స్పీకర్‌కు 100 వాట్లు ఇస్తున్న ఆంప్లిఫయర్ 3.5 ఆంపియర్ల కరెంటు పంపుతుంది. ఆ కరెంటు తిరిగొచ్చే తీగలో పై 30 సెంటీమీటర్ల ముక్క ఉంటే దాని రెండు చివరల మధ్య 17.5 మిల్లీవోల్టులు పుడతాయి. పొరపాటున ఇన్‌పుట్ గ్రౌండు కూడా అదే ముక్క గుండా వెళ్తుంటే ఆ వోల్టేజి నేరుగా పాటతో కలిసిపోతుంది. 1 వోల్టు ఇన్‌పుట్‌తో పూర్తి శక్తికి చేరే ఆంప్లిఫయర్‌లో ఇది అసలు సిగ్నల్ కన్నా కేవలం 35 డెసిబెళ్లు తక్కువ. పైగా క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్‌లో (సిగ్నల్ పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని మరొకటి మోసే రకం) పాజిటివ్, నెగటివ్ సరఫరా తీగల్లో వెళ్లేది పాట రూపం కాదు, దాన్ని మధ్యకు కోసిన సగాలు. ఆ కరెంటు ఇన్‌పుట్ గ్రౌండులోకి చొరబడితే వచ్చేది వక్రీకరణ. గ్రౌండింగ్ తప్పితే గుర్రుమనే శబ్దం ఒక్కటే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఏ గుర్రూ లేకుండా పాట మాత్రం మసకబారిన ఆంప్లిఫయర్లు నేను విన్నాను. వాటిలో దోషం బయటపడటం ఇంకా కష్టం.

అందుకే గ్రౌండు తీగ పట్టుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తీగలో ఎవరి కరెంటు పోతోంది? ఆ కరెంటుతో సంబంధం లేని మరొకరు ఇదే తీగను వాడుకుంటున్నారా? కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ప్రశ్న నుంచే వచ్చింది.

మొదటి అడుగు: ఎర్త్ బోల్టు

ఏ బోర్డూ బిగించకముందే, ఖాళీ పెట్టెలో ఈ పని పూర్తి చేయండి. మెయిన్స్ సాకెట్‌కు దగ్గరగా ఒక బోల్టుకు రంధ్రం వేయండి. ఈ బోల్టు ఎర్తు కోసమే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టుకునే బోల్టునో, పెట్టె కాళ్ల బోల్టునో దీనికి వాడకూడదు, ఎందుకంటే రేపు ట్రాన్స్‌ఫార్మర్ మార్చేటప్పుడు ఎర్తు కూడా ఊడుతుంది.

రంధ్రం చుట్టూ రంగు గీకేసి మెరిసే లోహం కనిపించేలా చేయండి. ఆనోడైజ్ చేసిన అల్యూమినియం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. చూడటానికి లోహంలాగే ఉంటుంది గానీ ఆ పై పొర విద్యుత్తును పోనివ్వదు. ఆకుపచ్చ-పసుపు చారల తీగ చివర రింగు లగ్ నొక్కి బిగించి, పళ్లున్న వాషర్ వేసి, నట్టు, దాని మీద మరో నట్టు బిగించండి. కేవలం టంకాన్ని నమ్ముకోవద్దు. భారీ కరెంటు పోయినప్పుడు టంకం కరిగి తీగ ఊడే ప్రమాదం ఉంది. ఎర్త్ తీగను ఫేజు, న్యూట్రల్ తీగల కన్నా కొంచెం పొడవుగా ఉంచండి. ఎవరైనా మెయిన్స్ తీగ కాలికి తట్టుకుని లాగినా చివరగా ఊడేది ఎర్తే కావాలి.

మూత, ముందు పలక, హీట్‌సింక్ విడివిడి లోహపు ముక్కలైతే వాటిలో ప్రతిదాన్నీ ఎర్త్ బోల్టుకు కలపండి. స్క్రూలు తగులుతున్నాయి కదా అని వదిలేయవద్దు. తర్వాత ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి పెట్టెలో అందుబాటులో ఉన్న ప్రతి లోహపు భాగానికీ మీటరుతో నిరోధం కొలవండి. మీటరు తీగల సొంత నిరోధం తీసేశాక 0.1 ఓమ్ దాటకూడదు. ఫ్యూజు, స్విచ్చి ఫేజు తీగలో ఉండాలి. రెండు తీగలనూ ఒకేసారి తెంపే స్విచ్చి దొరికితే మరీ మంచిది.

గుర్రు పోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమని చెప్పేవాళ్లు మీకు తారసపడతారు. నిజమే, చాలాసార్లు శబ్దం పోతుంది. ఇన్సులేషన్ చెడిన రోజున ఆ పెట్టె పూర్తి మెయిన్స్ వోల్టేజితో, ఒక చేయి తగిలేదాకా నిశ్శబ్దంగా కూర్చుంటుంది. ఆ పెట్టెకు ఆర్‌సీఏ తీగతో (మధ్య పిన్నులో సిగ్నల్, బయటి వలయంలో గ్రౌండు ఉండే మామూలు ఆడియో తీగ) కలిపిన మరో పరికరం కూడా అంతే. ఆ సలహా ఎవరిచ్చినా, వాళ్లు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా, పాటించవద్దు. ఎర్తును ముట్టుకోకుండానే గుర్రు పోగొట్టే దారి ఉంది, ఆరో అడుగులో చెబుతాను.

ఎర్త్ పిన్ను అక్కర్లేని పరికరాలు దుకాణాల్లో కనిపిస్తాయి. అవి రెండు పొరల ఇన్సులేషన్‌తో, పరీక్షలు దాటి వచ్చినవి. ఇంట్లో కట్టే లోహపు పెట్టెకు ఆ మార్గం పనికిరాదు. చిన్న ప్రీఆంప్లిఫయర్ లాంటిది కట్టేటప్పుడు మెయిన్స్ జోలికే పోకూడదనుకుంటే, ధ్రువీకరణ ఉన్న రెడీమేడ్ అడాప్టర్‌తో నడిచే సర్క్యూట్ ఎంచుకోండి.

రెండో అడుగు: కాగితం మీద పటం

సర్క్యూట్ బొమ్మలో గ్రౌండు గుర్తులున్న చోటల్లా ఒక అంకె వేయండి. వేరే కాగితం మీద పెట్టె ఆకారం గీసి, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, బోర్డులు, సాకెట్లు ఎక్కడ ఉంటాయో పెట్టండి. ఒక్కో అంకె నుంచి ఒక్కో గీత. ఎక్కువ కరెంటు పోయేవి ఎర్ర పెన్నుతో, సిగ్నల్‌వి నీలి పెన్నుతో గీయండి. ఎరుపు, నీలం ఒకే గీత మీద ప్రయాణించే చోటు కనిపిస్తే ఆ చోటే మీ భవిష్యత్తు గుర్రు. గంట పని, కానీ ఈ గంట నాకు తర్వాత ఎన్నో రాత్రులు మిగిల్చింది.

మూడో అడుగు: సరఫరా

పెట్టెలోని కరెంట్లన్నింటిలోకీ అల్లరి ఎక్కువ చేసేది రెక్టిఫయర్ (ఏసీని ఒకే దిశ కరెంటుగా మార్చే డయోడ్ల భాగం) నుంచి కెపాసిటర్లను నింపే కరెంటు. అది నిలకడగా ప్రవహించదు. వోల్టేజి శిఖరం దగ్గర కొద్ది మిల్లీసెకన్లపాటు మాత్రం ఉప్పెనలా వచ్చి ఆగిపోతుంది. సగటున 1 ఆంపియర్ తీసుకునే ఆంప్లిఫయర్‌లో ఈ ఉప్పెన 5 ఆంపియర్లు దాటడం మామూలే. 50 హెర్ట్‌జ్ మెయిన్స్ ఉన్నచోట ఇది సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్‌జ్ ఉన్నచోట 120 సార్లు వస్తుంది. దీని అంచులు పదునుగా ఉండటం వల్ల పైస్థాయి పౌనఃపున్యాలు కూడా పుట్టి చెవికి కీచుగా, కందిరీగ రొదలా తగులుతుంది.

ఈ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, కెపాసిటర్ల మధ్యే తిరిగేలా బంధించాలి. రెండు ఫిల్టర్ కెపాసిటర్ల గ్రౌండు కొనలను మందపాటి, పొట్టి రాగి పట్టీతో కలపండి. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ తీగను ఆ పట్టీ నడిమికి తెచ్చి కలపండి. ఇప్పుడు కీలకమైన సంగతి: మిగతా సర్క్యూట్‌కు గ్రౌండును ఈ పట్టీ మీద నుంచి నేరుగా తీసుకోవద్దు. పట్టీ నడుమ నుంచి ఒక పొట్టి కొమ్మను బయటికి లాగండి. ఆ కొమ్మ చివరే మీ స్టార్ బిందువు. నింపే కరెంటు పట్టీలో ఎంత ఉప్పొంగినా కొమ్మలోకి రాదు, రావాల్సిన అవసరం దానికి లేదు. నా మొదటి ఆంప్లిఫయర్‌లో ఇన్‌పుట్ గ్రౌండు ఉన్నది సెంటర్ ట్యాప్ తీగ మీదే. ప్రతి ఉప్పెనా దానికి చేరేది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు విడి సెకండరీలు (అవుట్‌పుట్ చుట్టలు) ఉంటే రెండు బ్రిడ్జ్ రెక్టిఫయర్లు వాడి, ఒక్కో కెపాసిటర్‌ను విడిగా నింపవచ్చు. అప్పుడు ఉప్పెన కరెంట్లు వాటి వాటి వలయాల్లోనే ఉంటాయి, రెండు కెపాసిటర్లు కలిసే చోటుకు రావు. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే.

రెక్టిఫయర్ నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగలను జడలా మెలిపెట్టండి. పోయే కరెంటు, వచ్చే కరెంటు పక్కపక్కనే ఉంటే వాటి అయస్కాంత క్షేత్రాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బోర్డులకు వెళ్లే పాజిటివ్, నెగటివ్, గ్రౌండు తీగలు మూడింటినీ కూడా అలాగే అల్లండి.

గుండ్రని టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బిగించే బోల్టు పైమూతకు తగలకుండా చూడండి. కింద పలక, బోల్టు, మూత, పక్క గోడలు కలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒక పూర్తి లోహపు చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులో విపరీతమైన కరెంటు పుట్టి ట్రాన్స్‌ఫార్మరో ఫ్యూజో కాలుతుంది. గ్రౌండింగ్‌లో ఇది అనుకోని తప్పు, చేసేది తెలియకుండానే జరిగిపోతుంది.

నాలుగో అడుగు: స్టార్ బిందువు దగ్గర ఎవరెవరు

స్టార్ అంటే అన్ని గ్రౌండ్లూ విడివిడి తీగలతో వచ్చి ఒకేచోట కలవడం. ఇక్కడికి రావాల్సినవి ఇవి: స్పీకర్ల తిరుగు తీగలు, పవర్ బోర్డుల సరఫరా గ్రౌండ్లు, ఆంప్లిఫయర్‌ను స్థిరంగా ఉంచడానికి అవుట్‌పుట్‌లో 10 ఓమ్‌ల రెసిస్టరునూ 100 నానోఫారడ్ కెపాసిటర్‌నూ వరుసగా కలిపి పెట్టే జోబెల్ శాఖ, రిలే, దీపం లాంటి అదనపు సర్క్యూట్లు, ఇన్‌పుట్ గ్రౌండ్లు. స్టార్‌ను పొడవాటి పట్టీగా కడుతుంటే ఎక్కువ కరెంటువి కెపాసిటర్ల వైపు, ఇన్‌పుట్‌వి అవతలి చివర పెట్టండి.

తప్పులు ఎక్కువగా రెండుచోట్ల జరుగుతాయి. స్పీకర్ తిరుగు తీగ బోర్డు గ్రౌండులో కలుస్తుంది, లేదా పెట్టె లోహానికి తగులుతుంది. లోహపు స్పీకర్ సాకెట్‌ను పెట్టెకు నేరుగా బిగిస్తే రెండోది జరిగినట్టే. ప్లాస్టిక్ తొడుగులున్న సాకెట్లే వాడండి. ఇక జోబెల్ శాఖ: బోర్డు మీద దగ్గరగా ఉంది కదా అని దాని చివరను ఇన్‌పుట్ గ్రౌండుకు కలిపితే పైస్థాయి పౌనఃపున్యాల కరెంటు ఇన్‌పుట్‌లోకి చేరి ఆంప్లిఫయర్ ఊగిసలాడవచ్చు, అంటే పాట లేకపోయినా తనంతట తానే సిగ్నల్ పుట్టించవచ్చు. హీట్‌సింక్ కారణం లేకుండా వేడెక్కుతుంటే ఈ చోటును చూడండి.

ఆప్‌ఆంప్‌లతో (చిన్న సిగ్నల్‌ను పెంచే చిప్‌లు) కట్టే ప్రీఆంప్లిఫయర్లలో చిన్న 100 నానోఫారడ్ కెపాసిటర్లను ఎక్కడ కలపాలన్న సందేహం వస్తుంది. ప్రతి చిప్ పాజిటివ్, నెగటివ్ పిన్నుల మధ్యే ఒకటి వేయండి. సరఫరా మీది అలజడిని సిగ్నల్ గ్రౌండులోకి దించాల్సిన పని తప్పుతుంది.

వాల్వు ఆంప్లిఫయర్లలో అన్నింటినీ ఒకే బిందువుకు తేవాలంటే తీగలు మరీ పొడవవుతాయి. ఒక్కో దశకు దాని సొంత ఫిల్టర్ కెపాసిటర్ ఉంటుంది కాబట్టి ఆ దశ గ్రౌండ్లన్నీ ఆ కెపాసిటర్ కాలు దగ్గరే కలపండి. ఆ చిన్న స్టార్లను సరఫరా నుంచి ఇన్‌పుట్ దాకా సర్క్యూట్ ఉన్న వరుసలోనే ఒక మందపాటి తీగతో గుచ్చండి. ఆ తీగను ఇన్‌పుట్ సాకెట్ దగ్గర, ఒక్కచోట మాత్రమే పెట్టెకు కలపండి.

అయిదో అడుగు: ఇన్‌పుట్, రెండు చానళ్ల చిక్కు

ఆర్‌సీఏ సాకెట్ల బయటి వలయం పెట్టెకు తగలకూడదు. ఇన్సులేటింగ్ వాషర్లు వేసి బిగించి, మీటరుతో చూడండి. వాల్యూమ్ పొటెన్షియోమీటర్ లోహపు ఒళ్లు మాత్రం పెట్టెకు తగలాలి, లేకపోతే మీరు నాబు ముట్టుకున్నప్పుడల్లా శబ్దం వస్తుంది. దాని సిగ్నల్ గ్రౌండు కాలును ఆ ఒంటికి కలపవద్దు.

స్టీరియోలో ఒక వలయం తప్పనిసరిగా ఉంటుంది. ఎడమ, కుడి తీగల షీల్డులు అటు పాట పంపే పరికరంలో కలుస్తాయి, ఇటు మీ స్టార్ దగ్గర కలుస్తాయి. ఆ వలయం గుండా ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం దూసుకెళ్తే కరెంటు పుడుతుంది. వలయాన్ని తెంచలేం, అందుకని రెండు పనులు చేయాలి. ఒకటి, వలయం వైశాల్యం తగ్గించడం: రెండు సాకెట్లూ పక్కపక్కనే పెట్టి, రెండు షీల్డు తీగలనూ కలిపి మెలిపెట్టి తీసుకెళ్లండి. రెండోది, బోర్డు మీద ఇన్‌పుట్ గ్రౌండుకూ పవర్ గ్రౌండుకూ మధ్య ఒక 10 ఓమ్‌ల రెసిస్టరు పెట్టడం. మంచి బోర్డుల్లో ఇది ముందే ఉంటుంది. షీల్డు నిరోధం కొన్ని పదుల మిల్లీఓమ్‌లే కనుక వలయంలో పుట్టిన వోల్టేజి దాదాపు మొత్తం ఈ 10 ఓమ్‌ల మీదే పడుతుంది. షీల్డు మీద, అంటే సిగ్నల్ మీద, పడేది వందల వంతుల్లో ఒకటి. ఒక్క రెసిస్టరు ఇంత మేలు చేసే చోటు ఆంప్లిఫయర్‌లో మరొకటి లేదు.

మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌తో బాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (సిగ్నల్ రెండు తీగల్లో, షీల్డు విడిగా వచ్చేది) పెడుతుంటే నియమం వేరు. ఒకటో పిన్నుకు వచ్చేది షీల్డు. అది సాకెట్ దగ్గరే, వీలైనంత పొట్టి తీగతో పెట్టెకు చేరాలి. దాన్ని బోర్డు మీది సిగ్నల్ గ్రౌండుకు తీసుకెళ్తే తీగ పొడవునా పోగైన చెత్త కరెంటంతా సర్క్యూట్ గుండా నడుస్తుంది. వృత్తి స్టూడియో పరికరాల్లో కూడా ఈ తప్పు ఉండేది. ఆడియో ఇంజనీరు నీల్ మన్సీ 1995లో దీన్ని విడమరిచి చూపాక దీనికి ఒకటో పిన్ను సమస్య అన్న పేరు స్థిరపడింది. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2005లో తెచ్చిన ఏఈఎస్48 ప్రమాణం కూడా షీల్డును పెట్టెకే కలపమంటుంది.

రికార్డ్ ప్లేయర్ కోసం ఫోనో దశ (పికప్ సూది ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ను పెంచే భాగం) కడుతున్నారా? అక్కడ సిగ్నల్ 5 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది, మూవింగ్ కాయిల్ రకం పికప్ అయితే అందులో పదోవంతు కూడా ఉండకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరే పెట్టెలో పెట్టడమే మేలు. దూరం పెరిగేకొద్దీ దాని క్షేత్రం వేగంగా, సుమారుగా దూరం ఘనానికి తగ్గట్టు బలహీనపడుతుంది. ప్లేయర్ నుంచి విడిగా వచ్చే గ్రౌండు తీగను పెట్టె మీద ఒక స్క్రూకు బిగించండి.

ఆరో అడుగు: సిగ్నల్ గ్రౌండును పెట్టెకు కలపడం

పెట్టె ఎర్తుకు గట్టిగా, నేరుగా కలిసి ఉంది. సిగ్నల్ గ్రౌండు ఇప్పటిదాకా తేలుతోంది. అలా వదలకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకీ (మెయిన్స్ వైపు చుట్ట) సెకండరీకీ మధ్య ఇన్సులేషన్ పోతే మెయిన్స్ నేరుగా ఆర్‌సీఏ సాకెట్ల బయటి వలయం మీదికి వస్తుంది. అందుకని స్టార్ నుంచి ఎర్త్ బోల్టుకు ఒకే ఒక్క తీగ వేయాలి.

ఈ ఒక్క పరికరమే ఉంటే ఆ తీగతో పని అయిపోయినట్టే. కానీ ఎర్త్ ఉన్న మరో పరికరాన్ని ఆర్‌సీఏ తీగతో కలిపారంటే కొత్త వలయం పుడుతుంది: ఈ ప్లగ్గు ఎర్తు, గోడలోని తీగ, ఆ ప్లగ్గు ఎర్తు, ఆర్‌సీఏ షీల్డు, తిరిగి ఇక్కడికి. గోడ తీగల్లోని మిల్లీవోల్టులు ఆ షీల్డులో కరెంటును తోస్తాయి. దీన్ని అణచడానికి స్టార్‌కూ ఎర్త్ బోల్టుకూ మధ్య మూడు భాగాలను సమాంతరంగా పెడతారు.

మొదటిది 10 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరు. వలయంలో తిరిగే చిన్న కరెంటును ఇది దాదాపు ఆపేస్తుంది. రెండోది 100 నానోఫారడ్ కెపాసిటర్. రేడియో తరంగాలను సర్క్యూట్ నుంచి పెట్టె లోహానికి మళ్లిస్తుంది. మూడోది 35 ఆంపియర్ల బ్రిడ్జ్ రెక్టిఫయర్. దాని రెండు ఏసీ కాళ్లను కలిపి ఒకవైపు, ప్లస్, మైనస్ కాళ్లను కలిపి మరోవైపు వేయండి. మామూలప్పుడు ఇది నిద్రపోతుంది. ప్రమాదం వచ్చి వోల్టేజి సుమారు 0.7 దాటిందంటే డయోడ్లు తెరుచుకుని, ఫ్యూజు కాలేదాకా భారీ కరెంటును ఎర్తుకు మోస్తాయి. రెసిస్టరు ఒక్కటే పెట్టి డయోడ్లు మానేస్తే రెసిస్టరు ఆ క్షణంలో కాలిపోతుంది, రక్షణ కూడా దానితోనే పోతుంది. చిన్న డయోడ్లు కూడా పనికిరావు.

ఇది స్టార్‌కూ బోల్టుకూ మధ్య మాత్రమే. పెట్టెకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఏ భాగమూ ఎన్నడూ ఉండకూడదు. మీరుండే చోటి విద్యుత్ నియమాలు ఇలాంటి అమరికను ఒప్పుకోకపోతే నేరుగా తీగతోనే కలపండి, వలయాన్ని పెట్టె బయటే, సిగ్నల్ తీగలో విడదీయండి (ఎలాగో చివర చెబుతాను).

సమీపంలో రేడియో, ఫోను తరంగాల బెడద ఉంటే ప్రతి ఆర్‌సీఏ సాకెట్ వలయం నుంచి పెట్టెకు ఒక 10 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను, కాళ్లు బాగా పొట్టిగా కత్తిరించి, టంకం వేయండి.

ఏడో అడుగు: మొదటిసారి వెలిగించడం, కొలవడం

ఫేజు తీగలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టి, స్పీకర్లు లేకుండా మొదలుపెట్టండి. కెపాసిటర్లు నిండేటప్పుడు బల్బు ఒక్కసారి వెలిగి మందగించాలి. వెలుగుతూనే ఉంటే ఆపేసి తప్పు వెతకండి. అవుట్‌పుట్‌లో డీసీ కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉందని చూశాక బల్బు తీసేయండి.

ఇప్పుడు ఇన్‌పుట్ సాకెట్లలో షార్టింగ్ ప్లగ్గులు పెట్టండి. ఆర్‌సీఏ ప్లగ్గు మధ్య పిన్నును బయటి వలయానికి టంకం వేస్తే అది తయారు. అవుట్‌పుట్‌లో ఏసీ మిల్లీవోల్టులు కొలవండి. 1 మిల్లీవోల్టు లోపు ఉంటే సంతోషించవచ్చు. 2.83 వోల్టులకు ఒక మీటరు దూరంలో 90 డెసిబెళ్లు ఇచ్చే స్పీకర్‌లో 1 మిల్లీవోల్టు ఇచ్చేది దాదాపు 21 డెసిబెళ్లు, గదిలో మామూలుగా ఉండే చప్పుడు కన్నా తక్కువ.

ఎక్కువుంటే చెవిని నమ్మండి. మెత్తగా, లోతుగా ఉండే 50 లేదా 60 హెర్ట్‌జ్ మూలుగు అయితే అయస్కాంత క్షేత్రం లేదా ఎర్త్ వలయం. ప్లగ్గు తీసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కొంచెం తిప్పి, మళ్లీ వినండి. స్థాయి మారితే దోషం క్షేత్రానిది. పదునైన రొద అయితే నింపే కరెంటు ఎక్కడో గ్రౌండులోకి దూరింది, మూడో అడుగుకు వెళ్లండి. వాల్యూమ్‌తో పాటు శబ్దం పెరిగితే మూలం పొటెన్షియోమీటర్ కన్నా ముందుంది, మారకపోతే తర్వాత ఉంది. షార్టింగ్ ప్లగ్గులతో నిశ్శబ్దంగా ఉండి, తీగ కలపగానే మూలిగితే మీ ఆంప్లిఫయర్ నిర్దోషి. ఒకసారి ఒకే మార్పు చేయండి, చేసిన ప్రతిసారీ మీటరు అంకె రాసుకోండి.

బయటి పరికరాలు కలిపేటప్పుడు

అన్నింటినీ ఒకే ప్లగ్గు బోర్డులో పెట్టండి. గోడ తీగల పొడవు తగ్గి వలయంలోని వోల్టేజి పడిపోతుంది. టీవీకి కేబుల్ తీగ ఉంటే దాని షీల్డు వేరేచోట భూమికి కలిసి ఉండవచ్చు. ఒకసారి ఆ తీగ ఊడదీసి వినండి. శబ్దం ఆగితే ఆ తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ను దాటించి గ్రౌండును తెంపే చిన్న భాగం) వేయాలి. కంప్యూటర్‌ది మరో రకం చిక్కు: మూలుగుతోపాటు మౌస్ కదిపినప్పుడల్లా చిన్న కిచకిచలు వినిపిస్తాయి. దాని సరఫరా అలజడి గ్రౌండు గుండా మీ ఇన్‌పుట్‌లోకి వస్తోందన్నమాట. బాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉంటే దాన్ని వాడండి. లేకపోతే 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు గ్రౌండ్లనూ పూర్తిగా విడదీస్తుంది, సిగ్నల్‌ను మాత్రం అటునుంచి ఇటు దాటిస్తుంది. అది కూడా అయస్కాంత క్షేత్రంతోనే పనిచేస్తుంది కాబట్టి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ సాకెట్లకు దగ్గరగా, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపుకు దూరంగా ఉంచండి.